ఉపమేయం లేని పద్యాలు

శ్రీకాకుళం,
1943 జూన్.

పూజ్యులు చిన్నాన్నగారికి కన్యాకుమారి నమస్కారములు.

ఇక్కడ అందరమూ క్షేమం. 'అందరమూ' అన్న మాట తప్పు. మీరు ఎర్ర సిరా అందుకొనేలోపల నేనే దిద్దుకుంటున్నాను. ఇంట్లో ఉన్నవాళ్ళం క్షేమం. రంగూను మీద బాంబులు పడిన తరువాత, అక్కడి కలప డిపోలో గుమాస్తాగా ఉన్న మీ అల్లుడుగారు అందరితోపాటు కాలినడకన బయలుదేరారని విన్నాం. అంతవరకే విన్నాం. ఆ నడకలో కలిసినవారు కొందరు పోయిన ఏడు వానాకాలానికే ఇళ్ళు చేరుకున్నారు. బర్మా నుంచి వచ్చినవాడని ఎవరిని గురించి తెలిసినా మావయ్యగారు పిలిపించి, మా బట్టల కొట్టులో చాప మీద కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి అడుగుతూనే ఉన్నారు.

ఈ ఉత్తరం అందుకోసం కాదు. ఒక పద్యం బోధపడక రాస్తున్నాను.

ఆయన ఆఖరుసారి సెలవుకు వచ్చినప్పుడు, రంగూనులో పాత పుస్తకాలవాడి దగ్గర కొన్న ఒక ఇంగ్లీషు సంకలనం తెచ్చారు. అందులో ఉన్నవారంతా ఈ కాలపు అమెరికా కవులట. మధ్యాహ్నం కొట్టు మూసిన వేళ నాకు చదివి వినిపించేవారు. నాకు అర్థం కాకపోతే నవ్వేవారు. వెళ్తూ వెళ్తూ, "నేను తిరిగి వచ్చేసరికి వీటికి అర్థం చెప్పాలి సుమా. మీ చిన్నాన్నను మాత్రం అడగకు. ఆయన ముందు కామాలు చూస్తారు" అన్నారు. అడుగుతున్నాను. ఆయనకు చెప్పకండి.

పద్యం ఇది. మంచు కురిసిన పల్లెటూరు. కంచె గుంజ మీద ఎవరో ఒక ఉన్ని చేతితొడుగు తగిలించి పోయారు. దాని వేళ్ళు ఆకాశం వైపు నిలబడి ఉన్నాయి. వేళ్ళ నిండా మంచు. టపా బండి వచ్చింది, ఆగింది, పోయింది. పద్యం అయిపోయింది. ఆ తొడుగు దేనివలె ఉందో కవి ఎక్కడా అనలేదు. ఉపమకు నాలుగు అంగాలుండాలని మీరు నా చేత వల్లె వేయించారు. ఇక్కడ ఒక్కటే కనబడుతున్నది. లోపం పద్యానిదా, నాదా?

మా అత్తగారు వచ్చి, "ఏటే, అస్తమానం ఆ ఇంగిలీసు పొత్తం ముందరేసుకు కూకుంటావు? మావోడి కబురేటైనా అందులో రాసున్నాదేటి?" అన్నారు. లేదన్నాను. "మరెందుకే, కళ్ళు పోడానికి!" అని వంటింట్లోకి వెళ్ళి, మళ్ళీ వచ్చి నా పక్కన చతికిలబడ్డారు. "సర్లే, సదువు. నానూ ఇంటాను." మంచు అంటే ఏమిటో చెప్పడానికే పూట గడిచిపోయింది.

మీ కుమార్తె,
కన్యాకుమారి

---

విజయనగరం,
1943 జూలై.

చి. ల. సౌ. కన్యాకుమారికి నగరేశ్వరరావు ఆశీర్వదించి వ్రాయునది.

నీ లేఖ అందినది. "బయలుదేరారని విన్నాం. అంతవరకే విన్నాం" అని వ్రాసితివి. క్రియ పునరుక్తమైనది. "బయలుదేరారని మాత్రమే విన్నాం" అనిన చాలును. ఇట్టివి చూచీచూడనట్లు పోవుట నా వలన కాదు. పప్పుల కొట్టు గద్దె విడిచి బడి కుర్చీ నెక్కినవాడు మన బంధువర్గమున నేనొక్కడనే. ఆనాడు నవ్వినవారి పిల్లలందరును నా చేతనే వ్యాకరణము నేర్చిరి. త్రాసు పట్టవలసిన చేతితో ఎర్ర కలము పట్టితిని. తూనికలో మాత్రము మోసము చేయలేదు.

ఇక నీ ప్రశ్న. ఉపమేయము, ఉపమానము, సమానధర్మము, ఉపమావాచకము. "ఆమె మోము చంద్రునివలె మనోజ్ఞముగా నున్నది." మోము ఉపమేయము, చంద్రుడు ఉపమానము, మనోజ్ఞత్వము ధర్మము, 'వలె' వాచకము. నీ అమెరికా కవి చంద్రుని చూపి మోమును దాచినాడు. గుంజ మీద తొడుగు కలదు. సరియే. అయిన నేమి? ఏ చేయి? ఎవరిది? ఎందుకు రాలేదు? ఇవి చెప్పకుండ బండిని రప్పించి, ఆపి, పంపివేసినాడు. పెండ్లికొడుకు లేని ఊరేగింపునకు మేళతాళము లెందుకు?

అయినను ఒక్క పద్యమును చూచి ఒక జాతినెల్ల తప్పుపట్టుట న్యాయము కాదు. మరి రెండు వ్రాసి పంపుము. చక్కని దస్తూరితో పంపుము; నీ 'య' కు కొమ్ము విరుగుచున్నది.

జగన్నాధము వచ్చిన పిమ్మట అతనితో స్వయముగా తేల్చుకొందును. విరామచిహ్నములు చూచుట నేరము కాదని చెప్పుము. ముందుగా ఇల్లు చేరవలె. మీ అత్తగారికి నా నమస్కారములు. ఆమెకు మంచును వివరించినట్లే నాకును ఒకసారి వివరింపుము, నేనును చూడలేదు.

ఇట్లు,
నగరేశ్వరరావు,
విశ్రాంత ప్రథమోపాధ్యాయుడు

---

శ్రీకాకుళం,
1943 సెప్టెంబరు.

పూజ్యులు చిన్నాన్నగారికి కన్యాకుమారి నమస్కారములు.

మీరు కోరినట్లు రెండు పద్యాలు పంపుతున్నాను. మొదటిది మీకు నచ్చుతుంది. దున్నిన మొక్కజొన్న చేను ఒక పిల్లవాడి కాపీ పుస్తకంవలె ఉందట. చాళ్ళు గీతలవలె ఉన్నాయట. ఆ గీతల మీద వాలిన కాకులు, తప్పు చోట పెట్టిన కామాలవలె ఉన్నాయట. చదువుతుంటే మీరు గుర్తుకు వచ్చి నవ్వాను. ఈ మధ్య నేను నవ్వింది అప్పుడే.

రెండవది రాసే ముందు ఇంటి సంగతి చెప్పాలి.

శ్రీకూర్మం దగ్గర పల్లె నుంచి కూర్మయ్య అని ఒక రైతుబిడ్డ పంచెల చాపు కొనడానికి కొట్టుకు వచ్చాడు. రంగూను రేవులో మూటలు మోసేవాడట. మావయ్యగారు అలవాటుగా అడిగారు. అతను చాపు కింద పెట్టేశాడు.

"జగన్నాధం బాబా? కలప డిపో బాబు? నాను సూసినాను బాబూ. ఏటి ఒడ్డున కూకున్నాడు. ఒళ్ళు పేలిపోతన్నాది. లెగు బాబూ, నా బుజమట్టుకో అన్నాను. 'నువ్వెల్లు కూర్మయ్యా, నాను ఎనకాలే వస్తన్నాను' అన్నాడు. మా బిడారు ఆగదు గదా. ఎనక్కి తిరిగి సూస్తే కూకునే ఉన్నాడు. మలుపు తిరిగినాక మరి కనబళ్ళేదు."

"నీతో ఏటైనా సెప్పమన్నాడేటి?" అని అత్తగారు తలుపు చాటు నుంచి అడిగారు.

"నేదమ్మా. ఎనకాలే వస్తన్నానన్నాడు గదా, మరేటి సెప్తాడు?"

ఆనాటి నుంచి అత్తగారికి అదే కల. ఆయన వీధి గుమ్మంలో నిలబడి నీళ్ళడుగుతున్నారట. "దాగం, దాగం అంటన్నాడే. కరమ సెయ్యకపోతే ఆడికి నీళ్ళెవులిస్తారే?" అని ఏడుస్తున్నారు. పురోహితుడు వచ్చి చూశాడు. సాక్ష్యం దొరికింది కాబట్టి పన్నెండేళ్ళు నిండేదాకా ఆగనక్కరలేదట. శరీరం దొరకనివారికి మోదుగాకులతో మనిషిని కట్టి, తలకు కొబ్బరికాయ పెట్టి, దానికి దహనం చేసి కర్మ జరిపిస్తారట. చేస్తే ఆయనకు నీళ్ళు ముడతాయి. చేస్తే నా మెడలో పుస్తెలు తీస్తారు. రెండూ ఒకటే పని.

మావయ్యగారు మంచివారు. "సూడమ్మా, నీ నోట ఊఁ అన్న మాట వస్తేనే నాను దర్భ ముట్టుకుంటాను. నేకపోతే నాను, ఈ సింహాచలం, బతికున్నన్నాళ్ళూ ఈ ఊసు ఎవులూ ఎత్తరు" అన్నారు. చిన్నాన్నగారి ఉత్తరం వచ్చాక చెప్తానన్నాను.

ఇక రెండవ పద్యం. గోధుమ పొలం మధ్యలో ఒక ద్వారబంధం, దానికి తలుపు. వెనుక ఇల్లు లేదు. గాలి వీచినప్పుడు తలుపు తెరుచుకుంటుంది, మూసుకుంటుంది. గడపలో ఎవరో వదిలిన బాల్చీ ఉంది. దాని నిండా వాననీళ్ళు. అంతే.

నా ప్రశ్న ఇది. కవి చెప్పనిదాన్ని చదివేవాళ్ళు చెప్పి తీరాలా? ఏ పేరూ పెట్టకుండా ఆ తలుపు దగ్గర ఊరికే నిలబడి ఉంటే తప్పా? మీరు ఎలా అంటే అలా.

మీ కుమార్తె,
కన్యాకుమారి

---

విజయనగరం,
1943 అక్టోబరు.

చి. ల. సౌ. కన్యాకుమారికి నగరేశ్వరరావు ఆశీర్వదించి వ్రాయునది.

కాకులు, కామాలు! ఆ కవి ఎవడో గాని తప్పక బడిపంతులై యుండును. నాలుగు అంగములును అమరినవి. మా వీధి అరుగు మీద నలుగురికి చదివి వినిపించితిని. వారి పేర్లకు నోరు తిరుగకున్నను అమెరికా వారిలోను అక్షరజ్ఞులు కలరని ఒప్పుకొనుచున్నాను.

ఇంటి విషయము వ్రాసితివి. చదివితిని. అందు పెద్దలున్నారు, పురోహితుడున్నాడు. నేను ధర్మశాస్త్రము చదివినవాడను కాను. నాకు అధికారము లేని విషయమున అభిప్రాయము చెప్పుట నా అలవాటు కాదు. వారందరు ఆలోచించి ఏది యుక్తమో అది చేయుదురు.

నాకు అధికారమున్న విషయమునకు వత్తును. తలుపు పద్యము మొదట నాకు తొడుగు పద్యమువలెనే తోచినది. రెండవసారి చదువగా నా తీర్పు మార్చుకొంటిని. ఇది మనవారికి తెలియనిది కాదు. రూపకాతిశయోక్తి యందు ఉపమానము ఉపమేయమును మ్రింగివేయును. పైకి ఉపమానము మాత్రమే కనబడును. మ్రింగబడినది లేదని అనుకొనరాదు. అది లోపల నున్నది. దానిని వెలికిదీసి పేరు పెట్టుట పాఠకుని విధి.

కావున నీ ప్రశ్నకు నిస్సంశయముగ నా సమాధానము: చెప్పి తీరవలెను. తలుపు వద్ద ఊరక నిలిచియుండుట రసజ్ఞత కాదు, జడత్వము. ఆ ఇల్లు కూలినది. ఇంటివారు లేరు. తిరిగి రారు. ఇది చెప్పుకొననంతకాలము ఆ పద్యము ముగియదు, చదువరికి విడుదల లేదు.

ఈ మాసమున మోకాళ్ళ నొప్పి యెక్కువగా నున్నది.

ఇట్లు,
నగరేశ్వరరావు,
విశ్రాంత ప్రథమోపాధ్యాయుడు

---

శ్రీకాకుళం,
1943 డిసెంబరు.

పూజ్యులు చిన్నాన్నగారికి కన్యాకుమారి నమస్కారములు.

ఈ ఉత్తరాన్ని దిద్దకండి.

మీ జవాబు వచ్చిన రోజున మావయ్యగారు కొట్టులోంచి లేచి వచ్చి, "ఏటమ్మా, మాస్టారు ఏటన్నారు?" అని అడిగారు. "చెప్పి తీరాలన్నారు" అన్నాను. ఆయన చేతిలోని గజంకర్ర గోడకు ఆనించి, "అయితే నువ్వు సెప్పు" అన్నారు. చెప్పాను.

నాగావళి ఒడ్డున చేశారు. ఆడవాళ్ళను రావద్దన్నారు. అత్తగారు వినలేదు, ఆమె వెనుక నేనూ వెళ్ళాను. మోదుగాకులు పరిచి, దర్భలతో కట్టి, చేతులు, కాళ్ళు, నడుము అమర్చారు. కొబ్బరికాయ పెట్టారు. పురోహితుడు మంత్రం మొదలుపెట్టగానే అత్తగారు ఒక్క అరుపు అరిచారు.

"ఆగు పంతులూ! మావోడు అంత పొడుగు నేడు."

"అమ్మా, ఇది శాస్త్ర ప్రకారం..."

"శాస్త్రానికేటి తెలుసు? కన్నదాన్ని నాను. ఆడు నా సెవి దాకా వస్తాడు. కాళ్ళు తగ్గించు."

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. మావయ్యగారు ఆమెతో, "ఊరుకోవే" అన్నారు. ఆమె ఊరుకోలేదు. తానే వంగి, ఆకులు లాగి, మళ్ళీ కట్టి, పక్కన నిలబడి చూసుకుని, "ఆఁ. ఇప్పుడు ఆడే" అన్నారు. అన్నాక గాని తాను ఏమన్నారో ఆమెకు వినబడలేదు. ఇసుకలో కూలబడిపోయారు.

చిన్నాన్నగారూ, అక్కడ ఎవరూ 'వలె' అనలేదు. నిప్పంటించిన మావయ్యగారు అనలేదు. నేనూ అనలేదు. ఆకులు మనిషివలె ఉన్నాయని ఒక్కరు అన్నా నేను ఇంటికి పరుగెత్తి ఉండేదాన్ని. ఆయన పుస్తకం నాకు అప్పుడు బోధపడింది. అర్థం అడిగినవారు ఇంట్లో లేరు.

పదవనాడు పుట్టింటివారు చీర తేవాలి. పుట్టింటివారంటే నాకు మీరే గనుక మీకు కార్డు వేశారు. నొప్పి వల్ల ప్రయాణం చేయలేనని మీ జవాబు వచ్చింది. అత్తగారే మా కొట్టులోంచి ఒక పొందూరు చీర తీయించి, "పుట్టింటోలు తెచ్చినట్టే అనుకోవే" అన్నారు. అనుకున్నాను.

కన్యాకుమారి

---

విజయనగరం,
1944 జనవరి.

గంగాభాగీరథీ సమానురాలైన చి. కన్యాకుమారికి నగరేశ్వరరావు వ్రాయునది.

నీ లేఖ చదివితిని. దిద్దలేదు.

ఒక్క విషయము స్పష్టము చేయవలసి యున్నది. నీవు అడిగినది ఒక పద్యమును గూర్చి. నేను చెప్పినది ఆ పద్యమును గూర్చి. ఇంటి విషయమున నాకు అధికారము లేదని వేరుగ, స్పష్టముగ, ముందుగనే వ్రాసితిని. కావలసిన నా లేఖను తీసి చూచుకొనుము. మీ మామగారి కార్డు అందినపుడు పెద్దలు కూడి నిర్ణయించిరని అనుకొంటిని. నిర్ణయించినది నేనని నాకు తెలియదు.

ఒక అలంకారమునకు చేసిన వ్యాఖ్యానమును ఒకరి మెడలోని పుస్తెలకు అన్వయింపవచ్చునా? నీవు నా యొద్ద చదివినదానవు. ప్రకరణము చూడవలదా?

మందు రాసుకొనుచున్నాను. చలి యెక్కువగా నున్నది. నీవు పలుచని వస్త్రములతో నూతి వద్దకు పోకుము.

ఇట్లు,
నగరేశ్వరరావు

---

శ్రీకాకుళం,
1944 జనవరి.

చిన్నాన్నగారికి కన్యాకుమారి నమస్కారములు.

మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని తలుస్తాను.

నేనూ పద్యం సంగతే అడిగాను. ఇంటి సంగతి అడగడానికి నాకు వేరే మాటలు రాలేదు. మీరు ప్రకరణం చూడమన్నారు. ప్రకరణం నేనే, చిన్నాన్నగారూ.

మీ మీద నాకు కోపం ఉందనుకోకండి. "ఇల్లు కూలినది. ఇంటివారు లేరు" అని చదివినప్పుడు నాకు ఒక విధంగా నెమ్మది కలిగింది. అంతకుముందు అంత సూటిగా నాతో ఎవరూ మాట్లాడలేదు. ఇప్పుడూ మాట్లాడడం లేదు. పరామర్శకు వచ్చినవారంతా అలంకారాలే చెప్తున్నారు. కాలం చేశాడంటారు. దేవుడు పిలిచాడంటారు. దీపం కొండెక్కిందంటారు. కొట్టుకు వచ్చే తవిటమ్మ అయితే, "నీ సెట్టు కూలిపోనాదమ్మా" అని నా గడ్డం పట్టుకుంది.

విధవలకు రాసే మాట మీరు నా పేరు ముందు రాసినది కూడా చూశాను. ఉపమేయం నేను. ఉపమానం గంగ. 'సమాన' అన్నది వాచకం. అన్నీ ఉన్నాయి. సమానధర్మం ఏమిటో వెతికాను. గంగ తన దారిన తాను పోతుంది. నేను నూతికి వెళ్తుంటే, పాలు తెచ్చే గంగులు, నేను ఎదురు రాకూడదని సందు మొదట ఆగిపోతున్నాడు. పాపం, ఆ ఆగడం నాకు కనబడకూడదని చెంబు తోముతున్నట్టు నటిస్తాడు.

అత్తగారికి కల రావడం మానేసింది. ఆమె సుఖంగా నిద్రపోతున్నారు. నేను ఆమెను చూస్తూ కూర్చుంటాను. ఆయనకు నీళ్ళు ముట్టాయని ఆమెకు తెలుసు. నాకు ఏం తెలుసో నాకు తెలియడం లేదు. ఒక్కొక్కప్పుడు వీధిలో చెప్పుల చప్పుడైతే లేస్తున్నాను. లేచి, గాజులు లేని నా చేతులు చూసుకుని కూర్చుంటున్నాను. ఇప్పుడు ఆయన వస్తే నన్ను చూసి ఏమనుకుంటారు?

మిమ్మల్ని ఒక్కటి అడుగుతాను. ఆయన సంగతి ఒక్క వాక్యం రాయండి. అందులో అలంకారం ఉండకూడదు. శాస్త్రం ఏమంటుందో, పాఠకుని విధి ఏమిటో వద్దు. మీకు ఏది తెలుసో అది రాయండి. మీరు రాస్తే నేను నమ్ముతాను.

మీ కుమార్తె,
కన్యాకుమారి

---

విజయనగరం,
1944 ఫిబ్రవరి.

కన్యాకుమారీ,

పేరునకు ముందు ఏమియు వ్రాయలేదు. ఏమి వ్రాయవలెనో నాకు తెలియదు.

నీవడిగిన వాక్యమునకై చాల కాగితములు చించితిని. "జగన్నాధము చనిపోయెను" అని వ్రాసితిని. కర్త యున్నాడు, క్రియ యున్నది, దోషము లేదు. చూచినవా రెవరు? కొట్టివేసితిని. "జగన్నాధము బ్రదికియున్నాడు" అని వ్రాసితిని. అదియు దోషము లేని వాక్యమే. పరీక్షకు జంకిన బాలుడు వ్రాసిన అబద్ధమువలె నున్నది. చూచితివా, వలదన్నను 'వలె' వచ్చినది. దానిని కూడ కొట్టివేసితిని.

అతడు ఏటి ఒడ్డున కూర్చుండెను. అతనికి జ్వరముండెను. వెనుక వత్తునని చెప్పెను. కూర్మయ్య మలుపు తిరిగెను. ఇంతవరకు తెలియును.

తరువాత ఏమైనదో నాకు తెలియదు.

ఇన్నేండ్లు పాఠములు చెప్పితిని. తెలియదని ఏ విద్యార్థితోను అనలేదు. తెలియనప్పుడు ప్రశ్నలోని తప్పు దిద్దెడివాడను. నీ సెప్టెంబరు లేఖ అందిన దినమున, మోదుగాకుల మాట చదివిన వెంటనే, కాకుల పద్యము తీసి అరుగు మీదికి పోతిని.

మీ అత్తగారికి తెలిసినది ఆమెకుండనిమ్ము. నీకు తెలియనిది నీకుండవచ్చును. ఆ రెండును ఒక యింట నుండరాదని ఏ శాస్త్రమున నున్నదో నేను చూడలేదు. చెప్పుల చప్పుడునకు లేవవలదని ఎవరైన అనినచో, నేను లేవుమంటినని చెప్పుము.

గురువారము ఉదయపు బండికి వచ్చుచున్నాను. మీ ఊరి చికాకోలు రోడ్డు స్టేషనులో దిగి జట్కా మాటలాడుకొందును. మోకాళ్ళకు ఏమియు లేదు; అప్పుడును లేదు. కొన్ని దినములు నిన్ను ఇచటికి తీసికొనిపోవుదునని మీ మామగారిని అడుగుదును. వారేమందురో తెలియదు. నీవు వత్తువో రావో తెలియదు. రానన్నచో మీ ఇంటనే ఉందును. ఉదయము నూతి వద్దకు నీతో కూడ వత్తును. ఆ గంగులు ఎదురైనచో అతనికి దారి ఇత్తము.

ఆ పుస్తకములోనిది ఏదైన చదివిపెట్టుము. వినుటకు వచ్చుచున్నాను. అర్థము చెప్పుటకు కాదు.

నీ చిన్నాన్న